పంటు రేవులో కమ్మీ

రాజోలు ప్రాంతం నుంచి ఒక తండ్రి రాశారు: "మా అమ్మాయికి చిన్నప్పటి నుంచి కాళ్లలో బలం లేదు. సదరం సర్టిఫికెట్టు (ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం) ఉంది. బీఏ అయింది. బ్యాంకు కోచింగులో చేర్చి కోటాలో ఉద్యోగం తెప్పిద్దామంటే, వికలాంగుల హక్కుల మీద ఎం.ఏ. చదువుతానంటోంది. సిద్ధాంతాలు కూడు పెడతాయా? కాలేజీకి వెళ్లేటప్పుడు పంటు (ఏరు దాటించే పడవ) కూడా నేనే ఎత్తుకుని ఎక్కించేవాణ్ణి. ఏది మేలు?"

అయ్యా, ఈ ప్రశ్న నాకు ఏటా వేసవిలో వస్తుంది. కోచింగా, ఎం.ఏ.నా అన్నది పైకి కనిపించే మాట. మా తరవాత దీన్ని ఎవరు ఎత్తుకుంటారన్నది లోపలి మాట.

రేవులో ఒడ్డుకూ పంటుకూ మధ్య వేసే బల్లను గుర్తు చేసుకోండి. మోటారు సైకిళ్లు దాని మీదుగానే ఎక్కుతాయి. బండ్ల కోసం బల్ల వేసినవారికి, పట్టుకుని నడిచే మనిషి కోసం పక్కన ఒక కమ్మీ పెట్టాలని తోచలేదు. లోపం కాలిలో ఉందా, రేవులో ఉందా అని అడగడమే మీరు తీసిపారేస్తున్న సిద్ధాంతం. 1976లో బ్రిటన్‌లో వికలాంగులే నడిపిన ఒక సంఘం దీన్ని కాగితం మీద పెట్టింది. 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందంలోకీ, దాన్ని అనుసరించి మన 2016 వికలాంగుల హక్కుల చట్టంలోకీ ఆ ఆలోచన చేరింది. 1995 చట్టంలో 7గా ఉన్న వైకల్యాల రకాలు 21 అయినదీ, మీరు ఆశపెట్టుకున్న ఉద్యోగాల కోటా 3 శాతం నుంచి 4 శాతానికి పెరిగినదీ ఈ 2016 చట్టంతోనే. కమ్మీ పెట్టినంత మాత్రాన కాళ్ల నొప్పి పోదు కదా అని వికలాంగుల ఉద్యమంలోని వారే ఆ సిద్ధాంతాన్ని నిలదీశారు. అదీ మీ అమ్మాయి చదవవలసిందే.

ఇక నా అనుమానం. ఈ చదువుకు హైదరాబాదు కంపెనీల "ఇంక్లూజన్" (అందరినీ కలుపుకుపోయే) విభాగాల్లో ఉద్యోగాలు కాచుకుని ఉన్నాయని ఇప్పుడు చాలామంది చెబుతున్నారు. నాకు నమ్మకం తక్కువ. వికలాంగుల దినమైన డిసెంబరు 3న ఒక సభ, గోడకు ఒక పోస్టరు, ఆపైన ఖర్చు తగ్గించుకునే ఏడాది వస్తే మొదట ఖాళీ అయ్యే కుర్చీ అదే. (మన ప్రభుత్వ శాఖ పేరులో వికలాంగులు "విభిన్న ప్రతిభావంతులు" అయ్యారు, పేరు మారితే మెట్లు మారవు.) అందుకే ఎం.ఏ. కన్నా మూడేళ్ల లా మేలంటాను, మెట్లు మార్పించే దారి కోర్టులోనూ ఉంది. 2005లో అంధుడైన ఒక పిటిషనరు వేసిన కేసులోనే, 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, సౌలభ్య ప్రమాణాలు (భవనాలూ సేవలూ వికలాంగులకు అందుబాటులో ఉండాలనే కొలతలు) సలహాలుగా ఉంటే చాలదనీ, తప్పనిసరి నిబంధనలు కావాలనీ తీర్పు చెప్పింది. బ్యాంకు పరీక్షలకు ఆమెకు వయసులో పదేళ్ల సడలింపు ఉంది కాబట్టి ఆ తలుపూ మూసుకుపోదు, భయపడకండి.

ఒక మాట కటువుగానే అంటాను. మూడు పేజీల ఉత్తరంలో ఆమె కాళ్ల గురించి రాశారు గాని, ఆమె పేరు గాని మార్కులు గాని ఒక్కచోటా లేవు. ఈసారి ఆమెనే రాయమనండి. చేరాలనుకున్న కాలేజీలో తరగతి గది ఏ అంతస్తులో ఉందో, హాస్టల్లో ఎన్ని మెట్లున్నాయో ముందుగా ఫోను చేసి తనే కనుక్కోమనండి.