డైనోసార్ దాడి క్విజ్: ఇంట్లోవాళ్ల రిజల్ట్స్ పోల్చుకోవచ్చా?

"డైనోసార్ దాడి చేస్తే మీరు బతుకుతారా" అనే క్విజ్‌లో మీకు, మీ అన్నకు పూర్తిగా తేడా రిజల్ట్స్ వచ్చాయి, ఎవరిది నమ్మాలి అని అడిగారు. రిజల్ట్ వదిలేయండి, ఏ ప్రశ్నకి ఎవరు ఏం పెట్టారో చూడండి. మా ఇంట్లో నేను అదే చేశాను.

మా బావకు "చివరిదాకా మిగిలే హీరో" అని వచ్చింది, నాకు "సాయంత్రం దాకా పర్లేదు", మా అత్తకేమో "మొదటి ముద్ద మీరే". ఇక ఫ్యామిలీ గ్రూప్‌లో అందరూ అత్తను ఒకటే ఆటపట్టించడం. నాకది అన్యాయం అనిపించింది.

టి-రెక్స్ ఎదురైతే ఏం చేస్తారు అన్నదానికి బావ "కదలకుండా నిలబడతా" అని పెట్టాడు, దానికి ఫుల్ మార్కులు పడ్డాయి. అది సినిమాలు చూసి వచ్చిన నమ్మకం. టి-రెక్స్ కళ్లు రెండూ ముందువైపు చూసేవి, దూరం బాగా అంచనా కట్టగలిగేది, పైగా వాసన పట్టడంలో దిట్ట, కాబట్టి ఊపిరి బిగబట్టి నిలబడితే దాని పని తేలికవుతుంది అంతే. అత్త పెట్టింది "ఇరుకు సందులోకి దూరిపోతా" అని, దానికి సున్నా! మాది చిక్కడపల్లి, మా సందులో ఎదురుగా బైకొస్తే మనం గోడకి అతుక్కుని నిలబడాలి, 12 మీటర్ల పొడవు, టన్నులకొద్దీ బరువున్న జంతువు అందులోకి ఎలా వస్తుంది, వచ్చినా ఎలా తిరుగుతుంది? నన్నడిగితే ముగ్గురిలో బతికేది అత్తే.

వెలోసిరాప్టర్ ప్రశ్న కూడా అలాంటిదే. బొమ్మలో మనిషంత ఎత్తు చూపించారు గానీ అసలుది టర్కీ కోడంత ఉండేది, ఒంటిమీద ఈకలతో. గోళ్లు ప్రమాదమే, కాదనను, కానీ ఒక్కటే వస్తే గట్టి కర్రతో ఆపొచ్చని నా నమ్మకం.

పొడుగు మెడ డైనోసార్ కనిపిస్తే "పక్కకు తప్పుకుంటా" అని నేను పెడితే మార్కులు కోశారు. హైదరాబాద్‌లో నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ సెంటర్‌లో కోటసారస్ అనే పొడుగు మెడ డైనోసార్ అస్థిపంజరం ఉంది, మన తెలంగాణలోనే యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలు. దాని కాళ్ల దగ్గర మా మేనల్లుణ్ని నిలబెడితే తొడ ఎముకే వాడికంటే పొడుగుంది. వాడు తల పైకెత్తి చాలాసేపు అలాగే చూస్తుండిపోయాడు. అది ఆకులు తిని బతికిన జంతువు, మనల్ని తరమదు, కాళ్ల కింద పడకుండా చూసుకుంటే చాలు. మీ అన్నను కూడా ఒకసారి అక్కడికి తీసుకెళ్లండి, ఆ ఎముకల ముందు నిలబడి ఇద్దరూ క్విజ్ మళ్లీ చేయండి, జవాబులు కచ్చితంగా మారతాయి.