ముందు ఇల్లు చూడు, కారు తర్వాత

చి. స్వాతికి,

మీ నాన్న నిన్న ఫోన్ చేశాడు. "హైదరాబాద్ రాయదుర్గంలో ఉద్యోగం కదక్కా, పిల్లకి చిన్న కారు తీసిద్దామనుకుంటున్నా, ఈఎంఐ సగం నేను కడతా" అన్నాడు. వాడికి అవుననీ అనలేదు, వద్దనీ అనలేదు. నీకే రాస్తున్నా. నీకు కారు కావాలో అక్కర్లేదో తేల్చేది నువ్వు అద్దెకు తీసుకోబోయే ఇల్లు.

ఆఫీసుకి దగ్గరని అందరూ కొండాపూర్, గచ్చిబౌలి మీద పడతారు. మ్యాపులో నాలుగు కిలోమీటర్లే కనపడుతుంది. సాయంత్రం ఆరింటికి వాన పడిందా, ఆ నాలుగు కిలోమీటర్లకే గంట దాటిపోతుంది. కారున్నా అదే వరసలో నిలబడాలి, పైగా స్టీరింగ్ పట్టుకుని. అదే తార్నాకలోనో హబ్సిగూడలోనో ఉన్నావనుకో, దూరం ఎక్కువైనా మెట్రోలో ముప్పావు గంట. నాగోల్ నుంచి రాయదుర్గం దాకా ఒకటే లైను, మారే పని లేదు. ఎల్బీనగర్ వైపో కూకట్‌పల్లి వైపో అయితే అమీర్‌పేటలో దిగి మారాలి. పొద్దున తొమ్మిదింటికి అక్కడి జనాన్ని ఒక్కసారి చూడు, అద్దెలో వెయ్యి తగ్గినా వద్దంటావు. తార్నాకలో ఎక్కితే సీటు మీద ఆశ పెట్టుకోకు, ఉప్పల్లోనే నిండిపోతాయి. ఆడవాళ్ళకి విడిగా ఉన్న భాగంలో నిలబడటానికైనా కాస్త చోటుంటుంది.

ఇల్లు చూడ్డానికి ఆదివారం వెళ్ళకు. సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకి వెళ్ళు. ఓనరు "మెట్రో అయిదు నిమిషాలేనమ్మా" అంటాడు. ఆయన చెప్పేది బండి మీద. నువ్వు గేటు దగ్గర్నుంచి స్టేషన్ మెట్ల దాకా నడువు. ఫుట్‌పాత్ ఎక్కడ ఆగిపోయింది, ఎక్కడ బండ్లు పెట్టేశారు, రాత్రి తొమ్మిదింటికి ఆ సందులో ఏ దుకాణం తెరిచి ఉంటుంది, ఇవన్నీ చూసుకో. స్టేషన్ రోడ్డుకి అవతల ఉన్నా భయం లేదు. ఇటు మెట్లెక్కి అటు దిగిపోవచ్చు, దానికి టికెట్ అడగరు. పదిహేను నిమిషాల నడక దాటితే ఆ ఇల్లు వదిలెయ్. మొదటి నెల నడుస్తావు, రెండో నెల నుంచి రోజూ ఆటోకే పోతుంది.

బస్సు సంగతి నీకు తెలిసిందే. ఖమ్మం చిరునామాతో ఆధార్ ఉంది కాబట్టి తెలంగాణ ఆడవాళ్ళందరికీ లాగే సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులు రెండూ నీకు ఉచితమే, 2023 డిసెంబరు నుంచి. మెట్రో డీలక్స్ బస్సు ఎక్కితే మాత్రం డబ్బులివ్వాలి, బోర్డు చూసి ఎక్కు. ఒరిజినల్ ఆధార్ కార్డు పర్సులో ఉంచుకో, డబ్బు తీసుకోకుండా ఇచ్చే జీరో టికెట్ అడిగి తీసుకో. ఆ టికెట్ లేకుండా చెకింగ్‌లో దొరికితే నువ్వెంత చెప్పినా వినరు. ఎంఎంటీఎస్ లోకల్ రైలు టికెట్ మరీ చవక, కానీ బండికీ బండికీ మధ్య చాలా ఎడం. దాన్ని నమ్ముకుని ఇల్లు తీసుకోకు.

నైట్ షిఫ్టులుంటే లెక్క వేరు. మెట్రోలో చివరి బండి రాత్రి పదకొండు ప్రాంతంలోనే బయల్దేరుతుంది. ఆఫీసు క్యాబ్ ఇంటి గుమ్మం దాకా వస్తుందా, మెయిన్ రోడ్డు మీదే దింపేస్తుందా అని చేరేముందే హెచ్ఆర్‌ని అడుగు. మొహమాటపడకు.

కారు అసలే వద్దనడం లేదు. రేపు నీకో పిల్లాడు పుట్టినా, మీ అమ్మని నెలకోసారి ఆస్పత్రికి తిప్పాల్సి వచ్చినా నేనే కొనమంటాను. ఇప్పుడు మాత్రం వారమంతా సెల్లార్లో దుమ్ము పట్టే బండికి ఇన్సూరెన్సు, సర్వీసింగు, పార్కింగు కట్టడం దండగ. మీ నాన్న మోకాళ్ళ నొప్పుల సంగతంటావా, అమ్మానాన్నలు నిన్ను చూడ్డానికి వచ్చేది రైల్లో. సికింద్రాబాద్‌లో దిగితే తార్నాక ఎంత దూరమని, క్యాబ్ చాలు.

డ్రైవింగ్ మాత్రం ఇప్పుడే నేర్చుకో. ఎల్ఎల్ఆర్, అదే లెర్నర్ లైసెన్సు, తీసుకున్న 30 రోజుల తర్వాత లైసెన్సు పరీక్షకి వెళ్ళొచ్చు, ఆరు నెలలు దాటనిస్తే మళ్ళీ మొదటికొస్తుంది.

శుక్రవారం లోపు ఇళ్ళ ఫోటోలు పంపు, పై సోమవారం నేనూ నీతో వస్తా. అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకు.

మీ అత్త