జోన్ రోజుకో కొలత వస్తుంటే...

ప్రశ్న: ఎం.ఎస్సీ. ప్రాజెక్టులో మూత్రం శాంపిళ్ల నుంచి తీసిన ఈ.కొలై బ్యాక్టీరియా మీద డిస్క్ టెస్ట్ (మందు బిళ్ల చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయాన్ని, అంటే జోన్‌ను, కొలిచే పరీక్ష) చేస్తున్నాను. ఒకే స్ట్రెయిన్‌కు (ఒకే రకం బ్యాక్టీరియాకు) సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ జోన్ ఒకరోజు 27 మిల్లీమీటర్లు, ఇంకోరోజు 22 వస్తోంది. ఏది రాసుకోవాలి సార్?
– ఒక విద్యార్థిని, అనంతపురం

జవాబు: రెండూ రాయొద్దు. ల్యాబు పరీక్షల ప్రమాణాలు నిర్ణయించే సీఎల్‌ఎస్‌ఐ సంస్థ పట్టిక ప్రకారం 26, ఆపైన వస్తే మందు పనిచేస్తుందని, 21, ఆలోపు వస్తే పనిచేయదని లెక్క. 22 ఆ రెంటికీ మధ్యలో పడుతుంది. అంటే మీ కొలత మారినప్పుడల్లా ఫలితమే మారిపోతోంది. కాబట్టి ముందు ఏటీసీసీ 25922 అనే కంట్రోల్ స్ట్రెయిన్‌ను (జోన్ ఎంత రావాలో ముందే తెలిసిన ఈ.కొలైని) అదే బ్యాచ్ ప్లేట్ల మీద, అవే డిస్కులతో పెట్టండి. దాని జోన్ పట్టికలో ఇచ్చిన హద్దుల్లో రాకపోతే ఆ రోజు కొలతలన్నీ పక్కన పెట్టాల్సిందే.

ఎక్కువ తప్పులు జరిగేది ప్లేటులో అగార్ (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ) పోసేటప్పుడే. ముల్లర్ హింటన్ అగార్ మందం 4 మిల్లీమీటర్లు ఉండాలి, 90 మిల్లీమీటర్ల ప్లేటుకు సుమారు 25 మిల్లీలీటర్లు పడుతుంది. మందం పెరిగితే మందు అడుగుకు కూడా ఇంకిపోయి జోన్ చిన్నదవుతుంది. బల్ల మట్టంగా లేకపోతే ఒకే ప్లేటులో ఒక పక్క మందంగా, ఇంకో పక్క పలుచగా గడ్డకడుతుంది. రసమట్టం పెట్టి చూసుకోండి. పీహెచ్ 7.2 నుంచి 7.4 మధ్య ఉండాలి. అంతకన్నా తగ్గితే సిప్రోఫ్లాక్సాసిన్ బలం తగ్గినట్టు కనిపిస్తుంది.

తర్వాత చూడాల్సింది బ్యాక్టీరియా చిక్కదనం. చిక్కదనాన్ని పోల్చుకోవడానికి వాడే 0.5 మెక్‌ఫార్లండ్ ట్యూబులో తెల్లపొడి అడుగున పేరుకుంటుంది. బాగా కలపకుండా పోల్చితే లెక్క తప్పుతుంది. నల్లగీతలున్న తెల్లకార్డు వెనక పెట్టి రెండు ట్యూబుల్నీ పక్కపక్కన చూడండి. చిక్కదనం కుదిరాక 15 నిమిషాల్లోపు స్వాబ్ (దూది పుల్ల) ముంచి, ట్యూబు గోడకు నొక్కి, ఎక్కువైన ద్రవాన్ని పిండేయాలి. ప్లేటును 60 డిగ్రీలు తిప్పుకుంటూ మూడుసార్లు పూయాలి. పిండకుండా పూస్తే బ్యాక్టీరియా దట్టంగా పడి, పనిచేసే మందు కూడా పనిచేయనట్టు కనిపిస్తుంది.

మన అనంతపురం ఎండల్లో డిస్కుల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఫ్రీజర్‌లోంచి తీసిన డబ్బాను వెంటనే తెరిస్తే గాలిలోని తేమ డిస్కుల మీద చేరుతుంది. మూత తీయకుండా గంటసేపు బయట ఉంచాకే తెరవండి. కరెంటు పోయి ఫ్రీజర్ వేడెక్కిన రోజుల తేదీలు రాసిపెట్టుకోండి. ముందు పాడయ్యేవి ఇమిపెనెం, క్లావులానిక్ ఆమ్లం కలిసిన డిస్కులు.

35 డిగ్రీల దగ్గర 16 నుంచి 18 గంటలుంచి, ప్లేటు వెనకవైపు నుంచి కొలవండి. ఒక మాట, కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను మాత్రం డిస్కుతో పరీక్షించకండి. దాని అణువు పెద్దది, అగార్‌లో సరిగా పాకదు.

ప్రశ్న: మా అమ్మకు మూత్రంలో మంట. ఆదోనిలో ఇచ్చిన శాంపిల్ కర్నూలుకు పంపారు. మూడు రకాల బ్యాక్టీరియా పెరిగాయి, మళ్లీ ఇవ్వమన్నారు. ఎందుకు?
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: మూడు రకాలు కలిసి పెరిగాయంటే చాలావరకు చర్మం మీదివి శాంపిల్‌లో పడ్డాయనే అర్థం. దానికి ఎండ తోడవుతుంది. అనుకూలమైన వేడిలో ఈ.కొలై 20 నిమిషాలకోసారి రెట్టింపు కాగలదు. ఆ వేగంతో వెయ్యి ఉన్నవి రెండు గంటల ఇరవై నిమిషాల్లో లక్షా ఇరవై ఎనిమిది వేలవుతాయి. మిల్లీలీటరుకు లక్ష దాటితే ఇన్ఫెక్షన్ అని లెక్క కాబట్టి, లేని జబ్బు ఉన్నట్టు రిపోర్టు రావచ్చు. ఈసారి నీళ్లతో శుభ్రం చేసుకుని, మొదటి ధార వదిలేసి నడిమి ధార పట్టమనండి. యాంటీబయాటిక్ మొదటి మోతాదు వేయకముందే పట్టాలి. రెండు గంటల్లో ల్యాబుకు చేరదనుకుంటే ఐసు పెట్టెలో పంపమని అడగండి. 4 డిగ్రీల చల్లదనంలో 24 గంటల వరకు పర్వాలేదు.

ప్రశ్న: బీఎస్సీ చివరి ఏడాది. ఈ రంగంలో పరిశోధనకు ఎలా వెళ్లాలి?
– ఒక విద్యార్థి, కడప

జవాబు: ఎం.ఎస్సీ. చేసి, సీఎస్‌ఐఆర్–యూజీసీ నెట్ పరీక్ష లైఫ్ సైన్సెస్‌లో జేఆర్‌ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) తెచ్చుకోండి. 2023 నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000 రూపాయలు. ఈలోగా స్ట్రెయిన్లు దాచడం నేర్చుకోండి: 15–20 శాతం గ్లిజరాల్ కలిపి మైనస్ 80 డిగ్రీల్లో. రోగుల నుంచి తీసిన స్ట్రెయిన్లను మామూలు లామినార్ ఫ్లోలో (వడగట్టిన గాలి వీచే పెట్టెలో) ఎప్పుడూ తెరవొద్దు. అందులో గాలి ప్లేటు మీదుగా మీ ముఖానికే కొడుతుంది. పనిచేసేవారిని కూడా కాపాడే బయోసేఫ్టీ క్యాబినెట్ ఉందా లేదా అని చేరేముందే అడగండి.