యాంటెన్నా కొనే ముందు బిల్లు లెక్క తేల్చుకోండి

ప్రశ్న: మా ఇంట్లో టీవీ, ఇంటర్నెట్ కలిపి ఒకే ప్యాకేజీ ఉంది. ఏటా రేటు పెరుగుతూనే ఉంది. మా మామగారు పొద్దున, రాత్రి వార్తలు చూస్తారు. పిల్లలు టీవీ ముందు కూర్చునేది తక్కువ. యాంటెన్నా పెట్టుకుంటే చానళ్లు ఉచితంగా వస్తాయని విని ఒకటి చూశాం. బూస్టర్ కూడా దాంతోనే వస్తుంది. 300 కిలోమీటర్ల దూరం నుంచైనా సిగ్నల్ పట్టేస్తుందని, 4కే యాంటెన్నా అని పెట్టె మీద రాసి ఉంది. ధర మా రెండు నెలల బిల్లు కంటే ఎక్కువే. కొనమంటారా? – ఒక పాఠకురాలు

జవాబు: ఆ పెట్టె కొనకండి. యాంటెన్నా ఆలోచన మాత్రం వదిలిపెట్టకండి.

ముందు డబ్బు సంగతి చూద్దాం. యాంటెన్నా కొన్నంత మాత్రాన ఒక్క పైసా మిగలదు. టీవీ చందా ఆపిన రోజు నుంచే మిగులుతుంది. అది కూడా మీరు అనుకున్నంత కాకపోవచ్చు. మీ ప్యాకేజీకి నెలకు 100 కడుతున్నారనుకోండి. బిల్లులో టీవీ వాటా 60 అని చూపిస్తారు. తీరా టీవీ తీసేయమంటే, ఒక్క ఇంటర్నెట్‌కే 65 అవుతుందంటారు, కలిపి తీసుకున్నందుకు ఇచ్చిన తగ్గింపు పోతుంది కాబట్టి. అప్పుడు మిగిలేది 60 కాదు, 35. ఆటల కోసమో, సినిమాల కోసమో 20 పెట్టి ఒక ఓటీటీ తీసుకుంటే ఆ 35 కాస్తా 15 అవుతుంది. యాంటెన్నా, వైరు, బిగింపు కూలి అన్నీ కలిపి 140 అయిందనుకుంటే, మొదటి లెక్కన నాలుగు నెలల్లో పెట్టుబడి తిరిగొస్తుంది. రెండో లెక్కన తొమ్మిది నెలలు దాటుతుంది. రెండూ నష్టమేమీ కాదు. కానీ మీది ఏ లెక్కో కొనకముందే తెలియాలి.

అందుకే కంపెనీకి ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి. ఇంటర్నెట్ ఒక్కటే ఉంచుకుంటే నెలకు ఎంత? ఒప్పందం గడువు ఎప్పటిదాకా ఉంది, మధ్యలో ఆపితే జరిమానా ఉందా? సెట్‌టాప్ బాక్సుకు అద్దె వేస్తున్నారా? జవాబులు మెయిల్‌లో తీసుకోండి. ఫోన్‌లో చెప్పిన రేటు తర్వాత బిల్లులో మారిపోయిందని నా దగ్గర బాధపడినవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇంకో పని కూడా ఉంది, దీన్ని చాలామంది చేయరు. రెండు వారాల పాటు ఇంట్లో ఎవరు ఏ చానల్ నిజంగా చూస్తున్నారో ఒక కాగితం మీద రాయండి. ప్యాకేజీలో వందల చానళ్లున్నా కాగితం మీదకు వచ్చేవి తక్కువే ఉంటాయి. వాటిలో యాంటెన్నాకు అందేవి ఎన్నో చూడండి. కేబుల్ కోసమే నడిచే చానళ్లు యాంటెన్నాకు రావు. మామగారి వార్తల చానల్ అలాంటిదైతే, ఆయన్ని కూర్చోబెట్టి మాట్లాడకుండా ఈ నిర్ణయం తీసుకోకండి. నెలకు 15 మిగుల్చుకోవడానికి ఒక పెద్దాయన రోజూ చూసుకునే కార్యక్రమం తీసేయడం నాకైతే సమ్మతం కాదు.

మీ టీవీ లోపల ఏ ట్యూనర్ (యాంటెన్నా సిగ్నల్‌ను అందుకుని చానళ్లుగా మార్చే భాగం) ఉందో కూడా చూడండి. గాలిలో వచ్చే డిజిటల్ ప్రసారాల పద్ధతి అన్ని దేశాల్లో ఒకటి కాదు. అమెరికాలో ఏటీఎస్‌సీ, ఐరోపా దేశాల్లో డీవీబీ-టీ లేదా డీవీబీ-టీ2, జపాన్, బ్రెజిల్‌లలో ఐఎస్‌డీబీ-టీ. ఒక దేశంలో కొన్న టీవీని ఇంకో దేశానికి తీసుకెళితే యాంటెన్నా ఎంత మంచిదైనా బొమ్మ రాకపోవచ్చు. భారత్‌లో దూరదర్శన్ నేల మీది పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను దాదాపుగా మూసేసింది. అక్కడ ఉచిత చానళ్లకు దారి డీడీ ఫ్రీ డిష్, దానికి కావాల్సింది డిష్. కాబట్టి మీరున్న చోట నేల మీది టవర్ల నుంచి ఏయే చానళ్లు ప్రసారమవుతున్నాయో, ఆ టవర్లు ఇంటికి ఎటువైపు, ఎంత దూరంలో ఉన్నాయో ముందు కనుక్కోండి. చాలా దేశాల్లో ప్రసార నియంత్రణ సంస్థలే ఈ వివరాలు మ్యాపులతో సహా ఉచితంగా ఇస్తాయి.

ఇక ఆ 300 కిలోమీటర్ల మాట. టీవీ తరంగాలు దాదాపు తిన్నగా వెళ్తాయి, భూమేమో వంపు తిరిగి ఉంటుంది. టవర్ ఎత్తు మీటర్లలో తీసుకుని దాని వర్గమూలం, మీ యాంటెన్నా ఎత్తు వర్గమూలం కలిపి 4.12తో గుణిస్తే, సిగ్నల్ అందే దూరం కిలోమీటర్లలో సుమారుగా తెలుస్తుంది. 300 మీటర్ల టవర్, 9 మీటర్ల ఎత్తులో యాంటెన్నా అయితే సుమారు 84 కిలోమీటర్లు. మధ్యలో కొండలుంటే ఇంకా తక్కువ. వాతావరణం కలిసొచ్చిన ఏదో ఒక రాత్రి అంతకు మించి అందవచ్చు గానీ, రోజూ వార్తలు చూడటానికి దాన్ని నమ్ముకోలేం.

4కే అన్నదీ అంతే. యాంటెన్నాకు తరంగం తప్ప బొమ్మ నాణ్యత తెలియదు. ఆ పని టీవీలోని ట్యూనర్‌ది. 1926లో జపాన్‌లో షింతారో ఉదా, హిదెత్సుగు యాగి రూపొందించిన చేపముల్లు ఆకారపు యాంటెన్నాయే నేటికీ ఎన్నో డాబాల మీద డిజిటల్ చానళ్లు పడుతోంది. మీ ఇంటి మీద పాతది మిగిలి ఉంటే ముందు దానికే కొత్త వైరు కలిపి చూడండి. అది పనిచేస్తే ఖర్చు వైరుతోనే సరిపోతుంది.

కొనాల్సి వస్తే చూడాల్సింది సైజు, దిక్కు. టీవీ ప్రసారాలు వచ్చే తరంగాల బ్యాండ్లు రెండు: యూహెచ్‌ఎఫ్, వీహెచ్‌ఎఫ్. యాంటెన్నా కడ్డీ పొడవు తరంగం పొడవులో సగం ఉండాలి. యూహెచ్‌ఎఫ్‌లో 600 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు అర మీటరు, కాబట్టి పావు మీటరు కడ్డీ చాలు. వీహెచ్‌ఎఫ్‌లో 200 మెగాహెర్ట్జ్ దగ్గర అది మీటరున్నర, కడ్డీ ముప్పావు మీటరు కావాలి. కిటికీకి అంటించే పల్చటి యాంటెన్నాలు వీహెచ్‌ఎఫ్ చానళ్ల దగ్గర తడబడేది ఇందుకే. మీకు కావాల్సిన చానళ్లు ఏ బ్యాండ్‌లో వస్తున్నాయో చూసి ఎంచుకోండి. టవర్లన్నీ ఒకే వైపు ఉంటే ఒకే దిక్కు నుంచి పట్టే యాంటెన్నా మంచిది. టవర్ దగ్గర్లోనే ఉంటే ఇంట్లో పెట్టే చిన్నది చాలు.

బూస్టర్ విషయంలో కొంచెం గట్టిగానే చెబుతాను, ఎందుకంటే డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. లేని సిగ్నల్‌ను బూస్టర్ పుట్టించలేదు. పొడవాటి వైరులో, స్ప్లిటర్‌లో పోయే బలాన్ని మాత్రం పూడుస్తుంది. సిగ్నల్ బలంలో తగ్గుదలను డెసిబెల్స్‌లో కొలుస్తారు, 3 డెసిబెల్స్ పోతే బలం సగమైనట్టు. రెండు టీవీలకు పంచే స్ప్లిటర్ దగ్గరే సుమారు 3.5 పోతుంది. ఆర్‌జీ-6 అనే రకం మంచి యాంటెన్నా వైరు 30 మీటర్లు ఉంటే యూహెచ్‌ఎఫ్ సిగ్నల్‌కు సుమారు ఇంకో 5 పోతుంది. మీకు ఒకే టీవీ, పొట్టి వైరు అయితే బూస్టర్ అక్కర్లేదు. టవర్ దగ్గర్లో ఉన్నవాళ్లకు దానివల్ల ట్యూనర్ ఉక్కిరిబిక్కిరై వచ్చే చానళ్లు కూడా పోవచ్చు. నిజంగా అవసరమైతే టీవీ వెనక కాకుండా, పైన యాంటెన్నా దగ్గరే పెట్టించాలి.

బిగించే ముందు నేల మీద నిలబడి ఒకసారి పరీక్షించండి, తర్వాత పైన. వెనకటికి మేడ మీద ఒకరు యాంటెన్నా తిప్పుతుంటే, కింద నుంచి ఇంకొకరు ‘వచ్చింది, వచ్చింది’ అని కేకేసేవారు. అప్పట్లో సిగ్నల్ తగ్గితే చుక్కల మధ్యైనా బొమ్మ కనిపించేది. డిజిటల్‌లో అలా ఉండదు, వస్తే శుభ్రంగా వస్తుంది, లేదంటే ముక్కలై ఆగిపోతుంది. అందుకని టీవీ మెనూలో సిగ్నల్ క్వాలిటీ చూపించే పేజీ తెరిచి, యాంటెన్నాను కొద్దికొద్దిగా తిప్పుతూ ప్రతిసారీ కొన్ని సెకన్లు ఆగండి. అంకె బాగున్న చోట బిగించి, చానళ్లు మళ్లీ స్కాన్ చేయండి. వైరు ఇంట్లోకి వచ్చే చోట కిందికి ఒక మెలిక వదిలితే వాన నీళ్లు అక్కడే కారిపోతాయి.

ఒక్క దగ్గర మాత్రం పొదుపు వద్దు. డాబా అంచులోనో, వాలు కప్పు మీదో బిగించాల్సి వస్తే పని తెలిసినవారిని పిలవండి. కరెంటు తీగలకు, యాంటెన్నా పైపు మొత్తం పొడవుకు కనీసం రెండింతల దూరం ఉండాలి. పైపుకు, వైరుకు ఎర్తింగ్ చేయించండి. ఆ కూలిని నేను ఖర్చులో ముందే కలిపింది అందుకే.

బిగించాక వెంటనే చందా ఆపకండి. ఒప్పందం అనుమతిస్తే ఒక నెల రెండూ నడవనివ్వండి. వానలో, గాలిలో, సాయంత్రం వేళ ఎలా వస్తుందో చూడండి. టవర్ వైపు పెద్ద చెట్లుంటే, తడిసిన ఆకులు యూహెచ్‌ఎఫ్ సిగ్నల్‌ను బాగా తగ్గిస్తాయి. ఆ నెల కట్టే బిల్లు దండగ కాదు. తొందరపడి ఆపేసి, మళ్లీ చేరితే కొత్త కనెక్షన్ రుసుము, కొత్త ఒప్పందం నెత్తిన పడవచ్చు.

అంతా బాగుంటే టీవీ ఆపేయండి, బాక్సు తిరిగిచ్చిన రసీదు దాచుకోండి. అదే రోజు బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ తెరిచి, మిగిలే 35 అయినా 15 అయినా నెలనెలా అందులోకి వెళ్లేలా పెట్టండి. నెలకు 15 చొప్పున ఐదేళ్లకు వడ్డీ లేకుండానే 900 అవుతుంది. ఖాతాలో వదిలేస్తే అది ఎటు పోయిందో కూడా తెలియదు. ఇంకొకటి, యాంటెన్నాలో చానల్ నంబర్లు మారిపోతాయి. మామగారు చూసే నాలుగైదు చానళ్ల కొత్త నంబర్లు పెద్ద అక్షరాలతో రాసి రిమోట్ పక్కన పెట్టండి.