ఆల్టర్నేటర్ మొత్తం మార్చక్కర్లేదు, ముందు పుల్లీ చూడండి

బెల్టు కొత్తదేసినా ఇంజను ఆపగానే బర్రుమని శబ్దం వస్తోందన్నారు కదండీ, అది చాలావరకు ఆల్టర్నేటర్ (బ్యాటరీ ఛార్జ్ చేసేది) ముందుండే క్లచ్ పుల్లీ, అంటే ఒకవైపే పట్టేసే బెల్టు చక్రం, పనే. బెల్టు తీసి, ఆల్టర్నేటర్ వెనక సందులోంచి దాని ఫ్యాను కదలకుండా స్క్రూడ్రైవర్ ఆనించి పుల్లీ తిప్పండి. ఒకవైపు స్వేచ్ఛగా తిరిగి, రెండోవైపు గట్టిగా పట్టేయాలి. రెండువైపులా పట్టేసినా, రెండువైపులా తిరిగినా పోయినట్టే.

ఈ పరీక్షకైనా, మార్చడానికైనా బ్యాటరీ నెగటివ్ మొదట ఊడదీయండి. బెల్టు తీయకముందే దాని దారి ఫోటో తీసుకోండి, బిగించేటప్పుడు తికమక పడేది అక్కడే. పుల్లీ మార్చాలంటే, దాని ముందున్న ప్లాస్టిక్ మూత తీస్తే లోపల పళ్లు కనిపిస్తాయి. చాలా పుల్లీలకు 33 పళ్ల సాకెట్టు, మధ్యలో షాఫ్టు పట్టుకోవడానికి ఎం10 స్ప్లైన్ బిట్టు సరిపోతాయి, కొన్నిటికి టీ50 (నక్షత్రం ఆకారపు టార్క్స్ బిట్టు). షాఫ్టును కదలనివ్వకుండా సాకెట్టును తిప్పాలి. ఇంపాక్ట్ గన్ వద్దు, లోపలి క్లచ్ దెబ్బతింటుంది. బిగింపు సాధారణంగా 80 న్యూటన్ మీటర్ల దగ్గర, మీ మోడల్ మాన్యువల్లో సరిచూసుకోండి.

ఆటోనగర్‌లో పాత పుల్లీ చేత్తో పట్టుకెళ్లి బెల్టు కూర్చునే గాడులు లెక్కపెట్టించి కొనండి. చవకని, లోపల క్లచ్ లేని గట్టి పుల్లీ అంటగడితే తీసుకోవద్దు, బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్ తొందరగా పోతుంది. కొత్త మూత పెట్టడం మరవకండి, దుమ్ము దూరితే మళ్లీ ఇదే గోల.