లోన్‌తో పాటు అంటగట్టిన బీమా: ప్రీమియం వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మాది కరీంనగర్. ఇరవై నెలల కిందట, 2024 ఆగస్టులో, ఒక బ్యాంకులో 20 ఏళ్ల కాలానికి 9 శాతం వడ్డీపై ₹30 లక్షల ఇంటి లోన్ తీసుకున్నాం. తక్కువ వడ్డీకి మరో బ్యాంకుకు మార్చుకుందామని ఇప్పుడు స్టేట్‌మెంట్ తీయిస్తే, మొదట్లో ఇచ్చిన అసలు ₹31.32 లక్షలని కనబడింది. ఆ ₹1.32 లక్షలు మావారి పేరిట కట్టిన లోన్ ప్రొటెక్షన్ బీమా ప్రీమియమని బ్యాంకు వారు చెప్పారు. బీమా లేకపోతే లోన్ మంజూరు కాదని అప్పట్లో మాటల్లో చెప్పి, ఒక కట్ట కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్న సంగతి గుర్తుంది. బీమా సర్టిఫికెట్ మాత్రం మాకు రాలేదు. గట్టిగా అడిగితే పోయిన వారం ఈమెయిల్‌లో పంపారు. అందులో బీమా కాలం 10 ఏళ్లే ఉంది. లండన్‌లో ఉంటున్న మా అన్నయ్యకు ఇలాంటి బీమా డబ్బును అక్కడి బ్యాంకు వడ్డీతో సహా తిరిగి ఇచ్చింది. మాకూ అలా వస్తుందా? మావారి వయసు 43. ఆయనకు వేరే జీవిత బీమా లేదు.

జవాబు: వచ్చే అవకాశం ఉంది. అయితే మీ అన్నయ్యకు వచ్చిన దారిలో రాదు. మన దగ్గర ఈ డబ్బును మూడు రకాలుగా అడగవచ్చు. బీమాను బలవంతంగా, తప్పుడు మాటలతో అమ్మారని చెప్పి మొదటి రోజు నుంచే రద్దు చేయమనడం మొదటిది. సర్టిఫికెట్ ఇప్పుడే చేతికి వచ్చింది కాబట్టి ఫ్రీ లుక్ గడువులో, అంటే పత్రం అందాక నచ్చకపోతే వెనక్కి ఇచ్చేందుకు ఉండే రోజుల్లో, వాపసు చేస్తున్నామనడం రెండోది. ఇక చాలనుకుని సరెండర్ చేసి, అంటే బీమాను మధ్యలోనే వదులుకుని, మిగిలిన కాలానికి వచ్చినంత తీసుకోవడం మూడోది. మొదటిదానిలో మొత్తం సొమ్ము వడ్డీతో సహా రావచ్చు, రెండోదానిలో కొంత కోతతో దాదాపు మొత్తం వస్తుంది, మూడోదానిలో ఒక భాగమే వస్తుంది. మీరు బ్యాంకుకు వెళ్తే మీ ముందు పెట్టేది సాధారణంగా మూడో కాగితమే. దాని మీద సంతకం చేసిన తర్వాత మొదటి రెండూ అడగడం చాలా కష్టమవుతుంది కాబట్టి, ఈ జవాబు పూర్తిగా చదివేదాకా సరెండర్ ఫారం జోలికి వెళ్లవద్దు.

ముందుగా మీ అన్నయ్య సంగతి. బ్రిటన్‌లో పీపీఐ అనే ఈ రకం బీమాను బ్యాంకులు ఏళ్ల తరబడి లోన్లతోనూ క్రెడిట్ కార్డులతోనూ కలిపి అమ్మాయి. ఉద్యోగం లేనివారికి కూడా ఉద్యోగం పోతే ఆదుకుంటుందంటూ అమ్మిన సందర్భాలున్నాయి. అక్కడి నియంత్రణ సంస్థ ఒత్తిడితో 2011 నుంచి 2019 చివరి వరకు బ్యాంకులు ఖాతాదారులకు తిరిగి చెల్లించినది సుమారు 3,800 కోట్ల పౌండ్లు. ఫిర్యాదులకు చివరి తేదీ 2019 ఆగస్టు 29. ప్లెవిన్ అనే మహిళ కేసులో 2014లో అక్కడి సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన లెక్క చూస్తే వ్యాపారం లోగుట్టు తెలుస్తుంది: 34,000 పౌండ్ల లోన్‌కు 5,780 పౌండ్ల ప్రీమియం, అందులో 71.8 శాతం కమీషన్, ఆ కమీషన్ ఎంతో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ ప్రీమియాన్ని కూడా మీకు చేసినట్టే లోన్‌లో కలిపారు. మన దేశంలో ఇలా అందరికీ వర్తించే వాపసు ఏర్పాటు లేదు. ఎవరి ఫిర్యాదు వారే రాసుకోవాలి, ఎవరి ఆధారాలు వారే చూపించుకోవాలి.

నియమాలు మాత్రం మీవైపే ఉన్నాయి. బ్యాంకు ఖాతాదారు బీమా తీసుకోవడం పూర్తిగా ఐచ్ఛికమని, బ్యాంకు ఇచ్చే సేవకూ బీమాకూ ప్రత్యక్షంగా గాని పరోక్షంగా గాని ముడి పెట్టకూడదని, ఫలానా కంపెనీ పాలసీయే తీసుకోవాలని ఒత్తిడి చేయకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధనలు చెబుతున్నాయి. ఇక్కడ ఒక తేడా గమనించండి. తాకట్టు పెట్టిన ఇంటికి అగ్ని ప్రమాదం వంటి వాటి నుంచి బీమా ఉండాలని బ్యాంకు షరతు పెట్టడం మామూలే, అది తన హామీ ఆస్తిని కాపాడుకోవడం. లోన్ తీసుకున్న మనిషికి జీవిత బీమా ఉండి తీరాలని మాత్రం ఏ చట్టమూ చెప్పదు. ఈ రెండింటినీ కలిపి "బీమా తప్పనిసరి" అని ఒకే మాటగా చెప్పడం వల్లే చాలామంది మోసపోతున్నారని నా అభిప్రాయం. కాబట్టి మీ ₹1.32 లక్షలు పూర్తిగా జీవిత బీమాకేనా, అందులో ఇంటి బీమా కూడా కలిసి ఉందా అన్నది సర్టిఫికెట్‌లో మొదట చూసుకోండి.

మీ దగ్గరున్న బలమైన అంశం ఆ 10 ఏళ్ల కాలం. వడ్డీ మారకుండా ఉంటే ₹30 లక్షలకు 9 శాతం చొప్పున 20 ఏళ్లకు ఈఎంఐ సుమారు ₹26,992. పదేళ్లు క్రమం తప్పకుండా కట్టిన తర్వాత కూడా ఇంకా ₹21.3 లక్షల అసలు మిగిలే ఉంటుంది, ఎందుకంటే తొలి ఏళ్ల ఈఎంఐలో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది. అంటే లోన్‌కు రక్షణ అని చెప్పి అమ్మిన బీమా, లోన్‌లో మూడింట రెండు వంతులకు పైగా మిగిలి ఉండగానే, మీవారికి 53 ఏళ్లు వచ్చి కొత్త బీమా ఖరీదైపోయే వయసులో ముగిసిపోతుంది. ప్రీమియమేమో పదేళ్ల బీమాకు, దాని మీద వడ్డీ ఇరవై ఏళ్లకు. లోన్‌లో కలిపిన ఆ ₹1.32 లక్షల కోసం మీరు నెలకు సుమారు ₹1,188 అదనంగా కడుతున్నారు, 20 ఏళ్లకు అది ₹2.85 లక్షలవుతుంది. ఈ లెక్కను ఫిర్యాదులో ఉన్నదున్నట్టు రాయండి. "మమ్మల్ని మోసం చేశారు" అన్న పది వాక్యాల కన్నా ఈ నాలుగు అంకెలు ఎక్కువ పనిచేస్తాయి.

బలహీనత కూడా చెప్పాలి. మీరు సంతకాలు చేశారు. బ్యాంకు, బీమా కంపెనీ మొదట చూపించేది ఆ ప్రతిపాదన పత్రాన్ని, ఓటీపీతో ఇచ్చిన సమ్మతి ఏదైనా ఉంటే దాన్ని. మాటల్లో చెప్పిన దాన్ని మాటల్లోనే కాదనడం వారికి తేలిక. అందుకే కాగితం వెతకండి. మంజూరు పత్రంలో బీమా షరతుగా రాసి ఉందా, ఆ రోజుల్లో బ్యాంకు ఉద్యోగి లేదా లోన్ ఏజెంటు వాట్సాప్‌లో "ఇన్సూరెన్స్ ఫారం సైన్ చేస్తేనే ఫైల్ కదులుతుంది" వంటి సందేశం పంపారా, మీరు అడిగిన లోన్ మొత్తం దరఖాస్తులో ఎంత ఉంది, ఇచ్చినది ఎంత అన్నవి చూడండి. ప్రతిపాదన పత్రం నకలు, పాలసీ ఇచ్చే ముందు కంపెనీ చేసిన ధ్రువీకరణ కాల్ రికార్డింగు, సర్టిఫికెట్‌ను అంతకుముందు ఎప్పుడు, ఏ చిరునామాకు లేదా ఏ ఈమెయిల్‌కు పంపారో రుజువు ఇమ్మని బీమా కంపెనీని రాతపూర్వకంగా అడగండి.

వీటిలో చివరిది, అంటే సర్టిఫికెట్ ఎప్పుడు పంపారన్న రుజువు, ముఖ్యం. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో తెచ్చిన నిబంధనల ప్రకారం పాలసీ పత్రం చేతికి అందిన రోజు నుంచి 30 రోజుల ఫ్రీ లుక్ గడువు ఉంటుంది. నచ్చకపోతే ఆ గడువులో వాపసు చేయవచ్చు. బీమా అమల్లో ఉన్న రోజులకు తగిన ప్రీమియం, వైద్య పరీక్షల ఖర్చు, స్టాంపు డ్యూటీ మినహాయించి మిగతాది ఇవ్వాలి. మీది గ్రూపు పాలసీ, అంటే అసలు పాలసీ బ్యాంకు పేరిట ఉంటుంది, మీకు సభ్యుడిగా సర్టిఫికెట్ వస్తుంది. కాబట్టి సర్టిఫికెట్‌లో ఫ్రీ లుక్ నిబంధన ఎలా రాశారో చదవండి. అది ఉండి, మీకు పోయిన వారానికి ముందు పంపినట్టు కంపెనీ చూపలేకపోతే, మీ 30 రోజులు ఆ ఈమెయిల్ తేదీ నుంచే మొదలయ్యాయని వాదించడానికి మంచి అవకాశం ఉంది. ఆ తేదీ దాటనివ్వకండి.

ఉత్తరం బీమా కంపెనీ ఫిర్యాదుల అధికారికి, బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి ఒకేసారి వెళ్లాలి. శాఖలో నోటితో చెప్పి రావడం ఫిర్యాదు కాదు. ఈమెయిల్ లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపి, ఫిర్యాదు సంఖ్య తీసుకోండి. మీవారు బీమా సభ్యుడు కాబట్టి ఆయన సంతకం ఉండాలి. సారాంశం ఇలా ఉంటే సరిపోతుంది: "ఇంటి లోన్ మంజూరుకు జీవిత బీమా తప్పనిసరి అని చెప్పి, దాని కాలం 10 ఏళ్లేనని గాని, ప్రీమియాన్ని లోన్‌లో కలుపుతున్నారని గాని తెలపకుండా నన్ను సభ్యుడిగా చేర్చారు. సర్టిఫికెట్ నాకు ఫలానా తేదీన మాత్రమే అందింది. కాబట్టి ఈ సభ్యత్వాన్ని మొదటి నుంచి రద్దు చేసి, పూర్తి ప్రీమియాన్ని, దానిపై లోన్ రేటున నేను చెల్లించిన వడ్డీని నా లోన్ ఖాతాలో జమ చేసి, ఈఎంఐని తిరిగి లెక్కించగలరు. ఇందుకు అంగీకరించని పక్షంలో, ఈ ఉత్తరాన్నే ఫ్రీ లుక్ గడువులో చేసిన రద్దు అభ్యర్థనగా స్వీకరించగలరు."

లోన్ ఖాతాలో జమ అన్న మాట మరిచిపోకండి. వాపసు సొమ్ము సేవింగ్స్ ఖాతాలో పడి, అసలు మాత్రం అలాగే ఉండిపోతే, ఆ ₹1.32 లక్షల మీద 9 శాతం వడ్డీ నడుస్తూనే ఉంటుంది.

నెల రోజుల్లో బీమా కంపెనీ జవాబివ్వకపోయినా, కాదన్నా, ఇచ్చినది మీకు తృప్తి కలిగించకపోయినా, ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో నమోదు చేయవచ్చు. 155255 నంబరుకు ఫోన్ చేసినా తీసుకుంటారు. అయితే ఆ పోర్టల్ మీ ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు రాబట్టడానికే ఉపయోగపడుతుంది, తీర్పు చెప్పదు. తీర్పు చెప్పేది ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లకు ఆ కార్యాలయం హైదరాబాద్ లక్డీకాపూల్ దగ్గర ఏసీ గార్డ్స్‌లో ఉంది. రుసుము లేదు, లాయరు అక్కర్లేదు, ఆన్‌లైన్‌లోనూ ఫిర్యాదు ఇవ్వవచ్చు. కంపెనీ తిరస్కరించిన నాటి నుంచి ఏడాదిలోపు వెళ్లాలి. అవసరమైన పత్రాలన్నీ అందాక 3 నెలల్లో అవార్డు, అంటే తీర్పు, ఇవ్వాలన్నది నియమం, అది కంపెనీ మీద కట్టుబాటుగా ఉంటుంది. బ్యాంకు చేసిన ఒత్తిడి గురించి మాత్రం, 30 రోజుల్లో బ్యాంకు సరైన జవాబు ఇవ్వకపోతే, రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు విడిగా రాయండి. మీకు అప్పిచ్చినది బ్యాంకు కాక హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ అయి ఉంటే ఆ ఫిర్యాదు నేషనల్ హౌసింగ్ బ్యాంకుకు వెళ్లాలి.

ఇంకొక గడియారం కూడా నడుస్తోంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి వివాదానికి కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల గడువు. సర్టిఫికెట్ ఆలస్యంగా అందిందని, ఇప్పుడే తెలిసిందని చెప్పుకునే వీలున్నా, ఆ వాదన మీద ఆధారపడకుండా 2026 ఆగస్టును చివరి నెలగా భావించండి. మీరు కరీంనగర్‌లోనే వేయవచ్చు, ₹5 లక్షల లోపు చెల్లింపుకు సంబంధించిన కేసుకు రుసుము లేదు. ఒకే వివాదాన్ని అంబుడ్స్‌మన్ దగ్గరా, కమిషన్ దగ్గరా ఏకకాలంలో నడపడం కుదరదు. నేనైతే ముందు అంబుడ్స్‌మన్‌నే ఎంచుకుంటాను, కానీ జులై నాటికి అక్కడ ఏదీ తేలకపోతే ఒక లాయరుతో గడువు సంగతి మాట్లాడతాను.

లోన్‌ను ఇంకో బ్యాంకుకు మార్చే పనిని ఉత్తరాలు వెళ్లేదాకా ఆపండి. ఖాతా మూసేశాక పాత శాఖకు మీ మీద ఆసక్తి ఉండదు. లోన్ మూసినంత మాత్రాన ఈ బీమా దానంతటదే రద్దు కాదని కూడా తెలుసుకోండి. చాలా పాలసీల్లో దాన్ని చివరిదాకా కొనసాగించుకోవచ్చు, లేదా సరెండర్ చేయవచ్చు. సరెండర్ చేస్తే వచ్చేది ఎంతో సర్టిఫికెట్‌లోని సూత్రం చెబుతుంది. 120 నెలల్లో 20 నెలలే గడిచాయి కాబట్టి ఆరింట ఐదు వంతులు వస్తాయనుకోకండి. ప్రీమియంలో 18 శాతం జీఎస్‌టీ కలిసి ఉంటే అసలు ప్రీమియం ₹1.12 లక్షలే, దానిలో ఆరింట ఐదు వంతులంటే సుమారు ₹93 వేలు. ఇవి సాధారణంగా బీమా మొత్తం ఏటా తగ్గుతూ వచ్చే పాలసీలు కాబట్టి కంపెనీలు అందులోంచి మరింత కోస్తాయి. పై దారులన్నీ మూసుకుపోతేనే దీని గురించి ఆలోచించండి.

ఇక నాకు డబ్బు కన్నా ఎక్కువ ఆందోళన కలిగించిన మాట, మీవారికి వేరే బీమా లేదన్నది. రద్దు ఉత్తరం ఆమోదం పొందిన క్షణం నుంచి ₹30 లక్షల అప్పు మీద ఏ రక్షణా ఉండదు. కాబట్టి ఈ వారమే ఆయన పేరిట, లోన్ కాలం మొత్తానికి, కనీసం అప్పు మొత్తానికి సరిపడా ఒక మామూలు టర్మ్ పాలసీకి దరఖాస్తు చేయండి. ఇది మీకు నచ్చిన కంపెనీలో తీసుకోవచ్చు, బ్యాంకు మారినా మీతోనే ఉంటుంది, సొమ్ము మీ చేతికి వస్తుంది. ఆ పాలసీ జారీ అయ్యేలోగా ఫ్రీ లుక్ గడువు ముగిసేలా ఉంటే, ఆయన ఆరోగ్యాన్ని బట్టి నిర్ణయించుకోండి. ఆరోగ్యంగా ఉంటే ఉత్తరం పంపేయండి. మధుమేహం, గుండె జబ్బు వంటివి ఉండి కొత్త పాలసీ దొరుకుతుందో లేదోనన్న అనుమానం ఉంటే, ₹1.32 లక్షల కోసం ఉన్న బీమాను వదులుకోమని నేను చెప్పను.

అలా ఉంచుకునే పక్షంలో ప్రతిపాదన పత్రం నకలులోని ఆరోగ్య ప్రశ్నలను తప్పక చూడండి. తొందరలో బ్యాంకు ఉద్యోగే అన్నింటికీ "లేదు" అని టిక్కు పెట్టి ఉండవచ్చు. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు నిండిన పాలసీని కంపెనీ ప్రశ్నించలేదు గాని, మీది ఇంకా ఆ గడువులోనే ఉంది. తప్పుడు సమాధానం కనబడితే ఇప్పుడే కంపెనీకి రాసి సరిదిద్దించండి.

వాపసు ఇప్పిస్తామని, వచ్చినదాంట్లో వాటా ఇవ్వమని ఫోన్ చేసేవారిని దగ్గరకు రానివ్వకండి. పైన చెప్పిన ఫిర్యాదులు ఏవీ డబ్బు ఖర్చయ్యేవి కావు. ఐఆర్‌డీఏఐ నుంచి మాట్లాడుతున్నామని, బోనస్ విడుదల చేయిస్తామని చెప్పేవారు ఖచ్చితంగా మోసగాళ్లే.

కొత్త బ్యాంకు కూడా ఇదే బీమాను మళ్లీ మీ ముందు పెట్టవచ్చు. 2024 అక్టోబరు 1 తర్వాత మంజూరయ్యే ప్రతి రిటైల్ లోన్‌కూ ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలని, బీమా వంటి మూడో పక్షం చార్జీలను కూడా వార్షిక రేటులో కలిపి చూపాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. మీ పాత లోన్ రెండు నెలల తేడాతో దాన్ని అందుకోలేకపోయింది, కొత్త లోన్‌కు వర్తిస్తుంది. ఆ పత్రంలో బీమా అన్న చోట సున్నా ఉండేలా చూసుకుని, మీ టర్మ్ పాలసీ నకలును మంజూరుకు ముందే వారికి ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.