ఖాళీ లాట్లకు పాత ఇళ్లా, కొత్తవా?

అన్నా, టెక్సస్ గాల్వెస్టన్ కౌంటీలోని మీ మొబైల్ హోమ్ పార్కులో (ఫ్యాక్టరీలో కట్టి లాగి తెచ్చే ఇళ్లు పెట్టే చోటు) ఖాళీ లాట్ల కోసం డాలస్ వైపు చవగ్గా పాత ఇళ్లు కొందామంటున్నారు కదా, అడ్వాన్స్ ఇవ్వకముందే కిచెన్ అల్మారా లోపల అంటించిన డేటా ప్లేట్, అంటే ఇల్లు ఏ విండ్ జోన్‌కు కట్టారో చెప్పే కాగితం, చదవండి. విండ్ జోన్ అంటే ఇల్లు ఎంత గాలికి తట్టుకోవాలో చెప్పే ప్రాంత విభజన, నంబరు పెరిగితే గాలి ఎక్కువ. మీ కౌంటీ జోన్ 2. డాలస్ వైపువి ఎక్కువగా జోన్ 1 ఇళ్లే, చాలావాటిని మీ దగ్గర పెట్టనివ్వరు. బయటి గోడకు, ఫెడరల్ ప్రమాణాల ప్రకారం కట్టారని చెప్పే ఎర్ర రేకు లేబుల్ ఉండాలి. 1976 జూన్ 15కు ముందు కట్టినవాటికి అది ఉండదు, వాటి జోలికే వెళ్లొద్దు.

రవాణా, కింద పెట్టే బ్లాకులు, ఇంటిని నేలకు బిగించే యాంకర్లు, ఇంటి అడుగు చుట్టూ మూసే స్కర్టింగ్, ఏసీ అన్నీ కలిపితే పాత ఇల్లు అంత చవకేం కాదు. నేనైతే రోడ్డు పక్క లాట్లలో ముందు కొత్తవే పెడతాను. కొనే ముందు టేపుతో లాటు కొలవండి. పాత పార్కుల్లో 76 అడుగుల ఇల్లు చాలాచోట్ల పట్టదు.